ఎత్తుకునేది ఒకరు, అందుకునేది అందరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఫౌజీ ఇళ్ల నుంచే వచ్చాయి. నేనూ ఒక సుబేదార్ భార్యనే. క్వార్టర్లలో సగం జీవితం గడిపి ఇప్పుడు వడ్డేపల్లిలో స్థిరపడ్డాను. అందుకే ఈసారి శీర్షిక మొత్తం వాళ్లకే ఇస్తున్నాను.

ప్రశ్న: అమ్మా, నమస్తే. మాది పరకాల దిక్కు పల్లె. పిల్లల చదువుకని హనుమకొండల కిరాయికి ఉంటున్న. మా ఆయన ఆర్మీలో నాయక్. పోయిన ఎండాకాలం ఫీల్డ్ పోస్టింగ్ వచ్చింది. ఫ్యామిలీని తీస్కపోయే జాగ కాదు. మా గల్లీ చుట్టుపక్కల నాలాంటోళ్లు ఏడెనిమిది మంది ఉన్నరు. క్యాంటీన్ లైన్ల, స్కూల్ గేటు కాడ కనబడతం, నవ్వుకుంటం, గంతే. ఒకసారి మా ఇంట్ల మీటింగ్ పెడితే నలుగురు వచ్చిన్రు. చాయ్ తాగినం. ఎవ్వరూ ఏం మాట్లాడలే. మళ్ల పిలిస్తే ఎవ్వరూ రాలే. మా పిల్లల టీచరమ్మ "పాటలు పాడుకోండి" అన్నది. పాటలతోని ఏమైతదమ్మా? మాల పాడేటోళ్లు సుత లేరు.
– ఒక సోదరి, హనుమకొండ

జవాబు: బిడ్డా, మీ టీచరమ్మ చెప్పింది చేయండి. ఎందుకో వివరంగా చెప్తాను.

నీ ఇంటికి వచ్చిన నలుగురూ మాట్లాడకపోవడంలో వింతేమీ లేదు. "అత్తమ్మతోని పడతలేదు", "ఆయన ఫోన్ చేసి వారం దాటింది", "పంపిన పైసలు మరిది చేతికే పోతున్నయి". ఇవన్నీ చాయ్ గ్లాసు పట్టుకుని కొత్తవాళ్ల ముందు చెప్పుకునే మాటలా? మన ఇళ్లలో ఇంకో భయం కూడా ఉంటుంది. ఇక్కడ అన్న మాట ఆ నోటా ఈ నోటా పడి యూనిట్ దాకా పోతే ఆయనకు తలవంపులు. అందుకని ఎవరి మాట వాళ్లు మింగేస్తారు. మాట్లాడాలంటే ముందు నమ్మకం ఉండాలి. పాడటానికి అది అక్కర్లేదు. తన కష్టం ఏమిటో చెప్పకుండానే ఒక ఆడమనిషి ఇంకో ఆడమనిషి పక్కన గంటసేపు కూర్చుని, గొంతు కలిపి, తేలికపడి ఇంటికి పోవచ్చు. మాటలు తర్వాత వాటంతట అవే వస్తాయి.

ఇది నా ఒక్కదాని నమ్మకం కాదు. ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఒకరికొకరు తెలియని పెద్దవాళ్లతో కొత్తగా మొదలైన తరగతులను ఏడు నెలలపాటు గమనించి 2015లో ఫలితాలు ప్రచురించారు. కొన్ని పాటల తరగతులు, కొన్ని చేతిపనులవి, కొన్ని రచనవి. ఏడు నెలలు గడిచేసరికి అన్ని తరగతుల్లోనూ స్నేహాలు దాదాపు సమానంగానే కుదిరాయి. తేడా అంతా మొదట్లోనే. పాటల తరగతివాళ్లు చాలా త్వరగా దగ్గరయ్యారు. మిగతావాళ్లు మెల్లగా అందుకున్నారు.

నాకు ఇందులో పట్టుకోవాల్సింది ఆ "త్వరగా" అన్నదే అనిపిస్తుంది. ఊళ్లో స్థిరంగా ఉండేవాళ్లకు ఏడు నెలలు పట్టినా నష్టం లేదు, ఏడేళ్లు పట్టినా నష్టం లేదు. మనకట్లా కాదు. రెండు మూడేళ్లకొక బదిలీ. ఆయన పీస్ స్టేషన్‌కు, అంటే ఇంటివాళ్లను ఉంచుకునే వీలున్న చోటికి, వస్తే సామాను సర్దుకుని నువ్వూ పోతావు. మళ్లీ ఫీల్డ్ అంటే పిల్లలతో వెనక్కి వస్తావు. ఒకరి పేరు ఒకరికి నోటికి వచ్చేలోపే లారీ ఎక్కే బతుకులు. పరిచయం తొందరగా కుదరడం మనకు అవసరం. పొద్దుగాల పిల్లవాడికి జ్వరమొస్తే తలుపు కొట్టగలిగే ఇల్లు ఒకటి ఉండాలి కదా.

ఇంగ్లండ్‌లో సైనికుల భార్యలు ఇదే దారి పట్టారు. 2010లో క్యాటరిక్ అనే సైనిక స్థావరంలో, భర్తలు అఫ్గానిస్తాన్‌లో ఉండగా, కొందరు ఒక బృందగాన జట్టు మొదలుపెట్టారు. మరుసటి ఏడు డెవన్‌లోని చివెనర్ స్థావరంలో గారెత్ మలోన్ అనే గాన శిక్షకుడు అక్కడి భార్యలను కూడగట్టాడు. బీబీసీ ఆ ప్రయాణాన్నంతా చూపించింది. అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటుంది. వాళ్ల కోసం పాల్ మీలర్ అనే స్వరకర్త పాట కట్టినప్పుడు సాహిత్యం బయటి నుంచి తేలేదు. భార్యాభర్తలు రాసుకున్న ఉత్తరాల్లోని మాటలే ఏరి పాట చేశాడు. 2011 డిసెంబరులో, క్రిస్మస్ వారంలో, ఆ దేశంలో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడైన పాట అదే. ఆ తర్వాత స్థావరం స్థావరానికీ ఇట్లాంటి జట్లు పుట్టాయి. భర్త బదిలీతో కొత్త చోటికి వచ్చిన భార్య, ముందు అక్కడి జట్టు ఎక్కడుందో వెతుక్కుంటుంది.

వాళ్లకు శిక్షకుడు కావలసి వచ్చింది. నీకు అక్కర్లేదు. "మాల పాడేటోళ్లు లేరు" అన్నావు. పెత్రామాస నాటి ఎంగిలిపూల బతుకమ్మ నుంచి సద్దుల దాకా ఏనాడూ చప్పట్లు కొట్టకుండా పెరిగిన ఆడపిల్ల పరకాల దిక్కున ఉంటుందా? ఒకరు ఎత్తుకుంటారు, చుట్టూ ఉన్నవాళ్లు "ఉయ్యాలో" అని అందుకుంటారు. ఎత్తుకునే ఆమెకు సాహిత్యం వస్తే చాలు. మిగతా అందరికీ ఒక్క మాట వస్తే చాలు. గొంతు బాగాలేదని సిగ్గుపడే మనిషికి ఇంతకన్నా మంచి చోటు లేదు. ఎందుకంటే ఆ ఒక్క మాటలో ఎవరి గొంతూ విడిగా వినబడదు. పైగా అందరూ ఒకేచోట ఊపిరి వదిలి, ఒకేచోట తీసుకుంటారు. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో 2013లో ఇదే కొలిచి చూశారు. కలిసి పాడేటప్పుడు ఊపిరి కలుస్తుంది, ఊపిరితో పాటు గుండె వేగం కూడా ఒకే తీరున పెరిగి తగ్గుతుంది. మన అమ్మలకు యంత్రాలు లేకున్నా సంగతి తెలుసు.

నేను ఈ మాట కళ్లారా చూసి చెప్తున్నాను. 1999 ఎండాకాలం మేము జలంధర్ కంటోన్మెంట్ క్వార్టర్లలో ఉన్నాం. మగవాళ్లు కార్గిల్ వైపు కదిలారు. మా బ్లాకులో పంజాబీ, గఢ్వాలీ, బిహారీ, తమిళ ఆడవాళ్లు, తెలుగువాళ్లం ఇద్దరం. పొద్దుగూకే వేళ కరెంటు పోతే అందరం మెట్ల మీద చేరేవాళ్లం. మాట మొదలైతే చాలు, పుకారు మొదలయ్యేది. ఫలానా పల్టన్‌లో ఇంతమందట, ఫలానా గుట్ట మీదట. చెప్పినావిడకు ఎవరు చెప్పారో తెలియదు. కానీ ఆ రాత్రి ఒక్కరికి కూడా నిద్ర ఉండేది కాదు.

ఒక సాయంత్రం ఇట్లాగే ఒకావిడ ఏదో వార్త మోసుకొచ్చింది. మెట్ల మీద కూర్చుని బియ్యంలో రాళ్లేరుతున్న పంజాబీ పొరుగావిడ తల కూడా ఎత్తలేదు. చేటలో వేలు తిప్పుతూనే, ఆ మాటకు అడ్డంగా ఒక బోలీ ఎత్తుకుంది. గిద్దా అంటే పంజాబీ ఆడవాళ్ల ఆటపాట. అందులో ఒకరు బోలీ చెప్తారు, చివరి మాట చుట్టూ ఉన్నవాళ్లు చప్పట్లతో అందుకుంటారు. నాకు అప్పటికి పంజాబీ రాదు. అయినా చివరి మాట అందుకోవడం బతుకమ్మ ఆడిన మనిషికి ఎవరూ నేర్పక్కర్లేదు. ఆవిడ ముగించాక అందరూ నా దిక్కు చూశారు. నేను మా అమ్మ పాడే బతుకమ్మ పాట ఎత్తుకున్నాను. రెండో చరణానికి గఢ్వాలీ ఆవిడ "ఉయ్యాలో" అందుకుంది. ఎక్కడ సాగదీయాలో తెలియక ప్రతిసారీ చివర కొంచెం ఎక్కువ సాగదీసేది. మేము కూడా ఆమె కోసం అట్లాగే సాగదీశాం. చీకట్లో వార్త తెచ్చినావిడ గొంతు కూడా కలిసింది.

మర్నాటి నుంచి మా బ్లాకులో ఒక నియమం పెట్టుకున్నాం. వార్త తెచ్చినవాళ్లు పాట కూడా తేవాలి. దాంతో పుకార్లు వాటంతట అవే తగ్గాయి. ఆ మెట్ల మీద కలిసినవాళ్లతో నాకు ఇప్పటికీ ఫోన్లున్నాయి. మా అమ్మాయి పెళ్లికి ముగ్గురు అంతదూరం నుంచి వరంగల్ స్టేషన్‌లో దిగారు.

ఇక నువ్వు చేయాల్సింది చెప్తాను. ఈసారి "మీటింగ్" అని పిలవకు. మీటింగ్ అంటే ఎవరో ఒకరు అడుగుతారు, ఇంకొకరు జవాబు చెప్పాలి అన్న బెరుకు వస్తుంది. "బతుకమ్మ పాటలు మర్చిపోతున్నం, ఒకసారి చూసుకుందాం, రాండ్రి" అను. వేళ ఏదైనా సరే, పిల్లలు బడి నుంచి రాకముందో, వచ్చి తిన్న తర్వాతో పెట్టుకోండి. పిల్లల్ని దూరం పెట్టొద్దు. ఆడపిల్లలు బొడ్డెమ్మ పాటలు మనకన్నా తొందరగా పట్టేస్తారు. ఎత్తుకునేటప్పుడు కిందిస్థాయిలో ఎత్తుకో. సినిమా పాటలతో మొదలుపెట్టేవాళ్లు చేసే పొరపాటు అక్కడే. రికార్డులో ఉన్నంత పైకి పోయి, మూడో లైనుకు గొంతులు అందక నవ్వులాటై ఆగిపోతుంది. అందరికీ అందే ఎత్తు దొరికితే అర్ధగంట ఆగకుండా నడుస్తుంది.

ఎత్తుకునే పని మాత్రం ఒక్కరి దగ్గర ఉండనివ్వకు. వారానికొకరు. అసలు మాట్లాడని ఆవిడ ఒకరు మీలో ఉండే ఉంటారు. నాలుగో వారానికి ఆమెను అడుగు. హవల్దార్ భార్య, నాయక్ భార్య, ఆఫీసర్ భార్య అన్న తేడా కూడా అక్కడే కరుగుతుంది. యూనిట్‌లో వెల్ఫేర్ మీట్‌లకు పోయినదానివే కదా, ఎవరు ముందు వరుసలో కూర్చుంటారో, ఎవరు స్టేజీ మీద పాడి ఎవరు చప్పట్లు కొడతారో చూశావు. గుండ్రంగా నిలబడితే ముందు వరుస ఉండదు. ఆయన ర్యాంకు ఆయన భుజం మీదే ఉండనీ.

ఇంకొక్కటి గట్టిగా చెప్తాను. ఫోన్లు సైలెంట్‌లో పెట్టమని ఎవ్వరినీ, ఎన్నడూ అడగొద్దు. సిగ్నల్ ఎప్పుడు దొరుకుతుందో తెలియని చోట ఉన్న మనిషి ఆ నిమిషమే చేయగలడు. ఎత్తుకుంటున్న ఆమె ఫోన్ మోగితే లేచి పోనీ, పక్కామె అక్కడి నుంచి అందుకోవాలి. పాట ఆగొద్దు. ఆమె మాట్లాడి వచ్చి మళ్లీ కలుస్తుంది. ఈ ఒక్క ఏర్పాటుతోనే "వీళ్లకు నా సంగతి తెలుసు" అన్న భరోసా అందరికీ కలుగుతుంది.

కొన్ని వారాలకు మీకే చరణాలు కైగట్టాలనిపిస్తుంది. ఆపొద్దు. మొన్న మా గల్లీలో ఒక చిన్న కోడలు నిలబడ్డ చోటే కట్టింది:

కాజీపేట టేసన్ల ఉయ్యాలో
కన్నీళ్లు దాసిన ఉయ్యాలో
బండి కదిలెనాయె ఉయ్యాలో
బాపేడని బిడ్డడిగె ఉయ్యాలో
సద్దులకు వస్తడే ఉయ్యాలో
సల్లంగ ఉంటడే ఉయ్యాలో

ఆ పిల్ల అప్పటిదాకా మాతో పది మాటలు మాట్లాడి ఉండదు.

ప్రశ్న: చెల్లె, మాది నర్సంపేట కాడ ఊరు. నా కొడుకు మిల్ట్రీల ఉన్నడు. కోడలు నా కాడనే ఉంటది. ఊళ్లె ఇంకో ఇద్దరు మిల్ట్రోళ్ల పెండ్లాలతోని కలిసి పొద్దుమీకి పాటలు పాడుకుంటరట, పోతనంటది. మొగడు అంత కష్టంల ఉంటే ఇక్కడ పాటలేందని నలుగురు అనరా? నేను వద్దంటే మొకం మాడ్చుకుంటున్నది. నీ అసోంటి పెద్దమనిషి చెప్తే ఇంటది.
– ఒక తల్లి, నర్సంపేట

జవాబు: అక్కా, కోడలికి చెప్పమన్నావు. నేను నీకే చెప్తాను, కోపం తెచ్చుకోకు.

నలుగురి మాట నిజమే, అంటారు. నా చిన్నప్పుడు మా వాడలో నాట్లకు పోయిన ఆడవాళ్లు మోకాలిలోతు బురదలో వంగి పొద్దంతా పాడేవాళ్లు. వాళ్ల ఇళ్లలో కష్టాలు లేకనా? నడుము నొప్పి తెలియకుండా ఉండటానికి పాడారు, వరస తప్పకుండా అందరి చేయి ఒక్కసారి కదలడానికి పాడారు. సంబరానికే పాట అని ఎవరన్నారు? నువ్వు నాట్లకు పోయే ఉంటావు, నీకు తెలియంది కాదు.

నీ కొడుకు అక్కడ ఒంటరిగా లేడు. పక్కన పది మంది ఉన్నారు, కలిసి తింటారు, కలిసి పడుకుంటారు, గుడిలో కలిసి భజన చేస్తారు. పల్టన్లలో మందిర్ పరేడ్ ఉంటుంది, ఢోలక్ మోగుతుంది. అతని కష్టాన్ని పంచుకునేవాళ్లు అతని దగ్గరున్నారు. కోడలి దగ్గర ఎవరున్నారు? నువ్వున్నావు. కానీ కొడుకు గురించి భయమేసినప్పుడు ఆ భయం ఆమె నీకు చెప్పదు, నువ్వు బెంగపడతావని. నువ్వు ఆమెకు చెప్పవు, చిన్నపిల్ల భయపడుతుందని. ఒక్క ఇంట్లో ఇద్దరు ఆడవాళ్లు ఒకే మనిషి కోసం భయపడుతూ, ఒకరికొకరు తెలియనీయకుండా ఉండటం నేను ఎన్ని ఇళ్లలో చూశానో.

నా మాట విను. కోడలితో పాటు నువ్వు కూడా పో. పిల్లలకు బతుకమ్మ పాటలు నాలుగైదు చరణాలే వస్తున్నాయి, మిగతాది ఫోన్లో పెట్టుకుని వింటున్నారు. నీకు పొద్దంతా పాడినా ఒడవని పాటలు వచ్చి ఉంటాయి. నువ్వు ఎత్తుకుంటే వాళ్లు అందుకుంటారు. ఊళ్లో నలుగురి నోళ్లు మూతపడటానికి కూడా అదే మందు. అత్తమ్మే ముందు నిలబడ్డ చోట ఎవరేమంటారు? జవాను కోసం ఎదురుచూసేది పెండ్లామొక్కతే అనుకుంటారు అందరూ. తల్లి కూడా చూస్తుంది. ఆ గుంపులో నీకూ చోటుంది.

ప్రశ్న: మేడమ్, మా పాటల గుంపులో ఒక వీరనారి ఉన్నారు. ఆవిడ భర్త డ్యూటీలో చనిపోయి కొన్నేళ్లయింది. ఆవిడ వచ్చినప్పుడు మేము భర్త, ఎదురుచూపు ఉన్న పాటలు మానేసి భక్తి పాటలే పాడుతున్నాం. చివర అందరం పసుపు కుంకుమలు ఇచ్చుకునేటప్పుడు ఆవిడ ఏదో పని ఉందని ముందే వెళ్లిపోతున్నారు. మేము సరిగ్గానే చేస్తున్నామా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ఈ ఉత్తరం రాసినందుకు నీకు దండం పెట్టాలి తల్లీ. చాలామంది ఆవిడ ముందుగా వెళ్లిపోవడం చూసి కూడా చూడనట్టే ఉంటారు.

పసుపు కుంకుమలు గుంపులోంచి తీసేయండి. బతుకమ్మ నాడు చెరువు కాడ ఇచ్చుకోండి, ఇంట్లో పేరంటానికి ఇచ్చుకోండి, ఎవరూ కాదనరు. వారం వారం పాడుకునే చోట అది అక్కర్లేదు. ఆ పళ్లెం బయటికి రాగానే ఆవిడ ఒక్కతి పక్కకు జరగాల్సి వస్తుంది. ఏ గుంపును అందరినీ కలపడానికి పెట్టుకున్నారో, అదే చివరి ఐదు నిమిషాల్లో ఒకరిని విడదీస్తోంది. దానికి బదులు ఫలహారం పంచుకోండి, సత్తుపిండో, మలీద ముద్దలో. పంచే పని ఆవిడకే ఇవ్వండి.

పాటల సంగతి. ఆవిడ రాగానే పాట మార్చడం ఆవిడకు తెలుస్తుంది. నేను ఎరిగిన ఒక వీరనారి ఈ మాటే చెప్పింది: "నన్ను చూసి పాట ఆపినప్పుడే నాకు ఆయన పోయిన రోజు మళ్లీ గుర్తుకొస్తది." మీరు ఏ పాటలు పాడాలో మీరు నిర్ణయించొద్దు, ఆవిడనే అడగండి. పక్కకు పిలిచి, నలుగురి ముందు కాకుండా. ఎదురుచూపు పాటలు ఆవిడకు కూడా వచ్చు. మనందరికన్నా ఎక్కువ తెలుసు. బహుశా ఒక పాట వద్దంటారు, మిగతావన్నీ పాడమంటారు. ఆ ఒక్కటి వదిలేయండి చాలు. ఆవిడ ఏడిస్తే ఏడవనివ్వండి. అట్లాంటప్పుడు అందరూ ఒక్కసారి ఆగిపోయి చుట్టూ మూగితే ఆవిడ మళ్లీ రాదు. పక్కనున్న ఒక్కరు చేయి పట్టుకుంటే మిగతావాళ్లు మెల్లగా పాట నడపాలి.

ఇంకో మాట. పింఛను కాగితాలు, పిల్లల స్కాలర్‌షిప్పు వంటివి ఏమన్నా ఆగి ఉంటే కనుక్కోండి. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయానికి ఒక్కతీ పోవడం ఆవిడకు ఎన్నో గుర్తులు తెస్తుంది. మీలో ఇద్దరు తోడు పోండి. పాడటం వల్ల వచ్చిన సోపతి ఇట్లాంటి పనులకు ఉపయోగపడకపోతే ఆ గుంపుకు ఇంకా చేయాల్సింది మిగిలి ఉన్నట్టే.

ప్రశ్న: అమ్మా, నేను సైన్యంలో ఉన్నాను. హుజూరాబాద్‌లో నా భార్య పాటల గుంపులో చేరింది. ఇంతకుముందు ఫోన్ చేస్తే ఏడ్చేది. ఇప్పుడు నవ్వుతూ మాట్లాడుతోంది. సంతోషమే, కానీ నేను లేకున్నా సరిపోతుందేమో అని మనసులో ఏదోలా ఉంది. వాళ్ల పాటల వీడియోలు వాట్సప్‌లో పెడుతున్నారు, దానివల్ల ఇబ్బంది ఉందా? రాత్రుళ్లు మాత్రం ఇప్పటికీ నిద్ర పట్టదంటుంది.
– ఒక జవాను

జవాబు: తమ్ముడూ, నువ్వు మనసులో మాట దాచుకోకుండా రాశావు, అందుకు సంతోషం. ఇంతకుముందు వారం రోజుల బరువంతా నీ ఐదు నిమిషాల ఫోన్‌లోనే దించుకునేది. నువ్వు పెట్టేసిన తర్వాత ఆ ఏడుపు వింటూ డ్యూటీకి పోయేవాడివి. ఇప్పుడు కొంత అక్కడే దించుకుని వస్తోంది. నీతో మాట్లాడే ఐదు నిమిషాలు నీకే మిగిలాయి. ఈసారి చేసినప్పుడు "ఏం పాట నేర్చుకున్నవ్, ఒక చరణం పాడు" అని అడుగు. అడిగి చూడు, సిగ్గుపడుతూనే పాడుతుంది.

ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవ్, 30 రోజుల క్యాజువల్ లీవ్ అంటారు. అది విడతలు విడతలుగా, మంజూరైతేనే. మిగతా రోజులన్నీ ఆమె ఎవరో ఒకరి తోడుతోనే గడపాలి కదా. సెలవులో వచ్చినప్పుడు ఆ గుంపును ఒకరోజు ఇంటికి పిలిచి చాయ్ నువ్వే పెట్టి ఇవ్వు.

వీడియోల విషయంలో నీ భయం సరైనదే. పాట పెట్టుకోవచ్చు. నీ యూనిట్ పేరు, ఉన్న చోటు, ఎప్పుడు కదులుతున్నారు, ఎప్పుడు సెలవు అన్నవి మాత్రం పాటలో గానీ, వీడియో కింద రాతలో గానీ, గోడ మీద ఫోటోలో గానీ కనబడొద్దు. యూనిఫాం ఫోటో గోడకు ఉంటే వేరే గోడ ముందు నిలబడి పాడమను. కైగట్టిన చరణాల్లో ఊరి పేర్లు పెట్టాలనిపిస్తే కాజీపేట, హుజూరాబాద్ పెట్టుకోండి. నువ్వున్న చోటు పేరు వద్దు.

నిద్ర సంగతి మాత్రం పాటకు వదిలేయొద్దు. వారాల తరబడి నిద్ర పట్టకపోతే, తిండి సయించకపోతే, బతకాలని లేదన్న మాట ఒక్కసారి నోటివెంట వచ్చినా, డాక్టరుకు చూపించాలి. మనసు బాగోలేనప్పుడు సాయం చేసే ప్రభుత్వ ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416, డబ్బులు పడవు, తెలుగులో మాట్లాడొచ్చు, రాత్రయినా పగలైనా. గుంపులో ఆమెకు బాగా దగ్గరైన ఒకరికి ఈ నంబరు నువ్వే పంపు. ఆసుపత్రికి తోడు పొమ్మని అడుగు. నువ్వు అంతదూరం నుంచి చేయలేని పని అది, ఆవిడ చేయగలదు.

ప్రశ్న: అక్కా, మాది జగిత్యాల దగ్గర. మా ఊళ్లె మిల్ట్రీ ఆయన భార్య ఒక్కతే ఉంది. మేము గల్ఫోళ్ల పెండ్లాలం పదిమంది దాకా ఉన్నం. మా ఆయన సౌదీల ఉంటడు. ఆమె పాటలు మొదలు పెడ్తనంటుంది, మేము కలవొచ్చా? అది ఫౌజోళ్ల కోసమే కదా.
– ఒక చెల్లె, జగిత్యాల జిల్లా

జవాబు: కలవండి చెల్లె. ఆమె ఒక్కతే ఉంటే గుంపు ఎట్లా అవుతుంది? తల పక్కన ఫోన్ పెట్టుకుని పడుకోవడం మీకూ తెలుసు, ఆమెకూ తెలుసు. ఇంటి ముందు బతుకమ్మ పెట్టి, దాన్ని తీసుకుపోయే మగదిక్కు లేక మరిదిని బతిమాలుకోవడం కూడా ఇద్దరికీ తెలుసు. ఆమె ఆయనకు ఏడాదిలో రెండు మూడుసార్లు సెలవు దొరుకుతుంది. మీ ఆయన రెండేళ్లకోసారి వస్తాడేమో. ఒక విధంగా మీ ఎదురుచూపే పెద్దది.

ఒక్క విషయం చూసుకోండి. సౌదీలో శుక్రవారం సెలవు, మీ ఆయనలు తీరికగా మాట్లాడేది ఆ రోజే. మనకన్నా వాళ్ల గడియారం రెండున్నర గంటలు వెనక. కాబట్టి శుక్రవారం వద్దు, గురువారం సాయంత్రం పెట్టుకోండి.